పచ్చగుడ్డకి కాజా

మళ్ళీ చించారు.

నన్నే సాహెబ్ పచ్చగుడ్డ మీద అరచెయ్యి ఆనించి పైకీ కిందకీ తడుముకుంటూ నడుస్తున్నాడు. అతనికి కళ్ళకంటే వేళ్ళ మీద నమ్మకం ఎక్కువ. కళ్ళద్దాలు ఉన్నాయి గానీ, ఎడమ కాడ విరిగిపోయి దారంతో చెవికి తగిలించుకున్నవి. చెమట పడితే ముక్కు చివరికి జారి కూర్చుంటాయి. చూపుడువేలు గుడ్డలోకి దిగబడగానే ఆగి, వేలిని అటూ ఇటూ తిప్పి కొలత చూసుకున్నాడు. నిన్న ఇక్కడ చిల్లు లేదు.

"థూ, వీళ్ళ అమ్మా నాయన్లని..." అని మొదలుపెట్టి, చించింది అమ్మానాయనలే కదా, మళ్ళీ వాళ్ళ అమ్మానాయనల దాకా పోవడం ఎందుకని ఊరుకున్నాడు.

కాలరుకు గుచ్చుకున్న సూది తీసి, నైలాను దారం కొనను నాలికతో తడిపి ఎక్కించాడు. పొట్టి మనిషి. ఒంటి మీదున్న వాచ్‌మన్ చొక్కా ఎవరో ఆజానుబాహువు కోసం కుట్టింది. భుజాలు మోచేతుల దగ్గరికి జారి ఉంటాయి. వయసంతా దర్జీ పనిలో గడిపినవాడు ఆ చొక్కాని కత్తిరించుకోలేడా అంటే కత్తిరించుకోగలడు. కానీ కంపెనీ సొత్తుకి కత్తెర పెట్టకూడదని ముదీర్, అంటే ఇక్కడి మేనేజరు, చొక్కా ఇచ్చిన రోజే చెప్పాడు. నన్నే సాహెబ్ పెట్టలేదు. కుడిచేతి బొటనవేలి పక్కన, సూది నొక్కి నొక్కి చర్మం చింతగింజలా గట్టిపడిపోయింది. అక్కడ ఆనించి నొక్కితే ఎంత మందం గుడ్డయినా దిగాల్సిందే.

గ్రౌండు చుట్టూ ఇనుప జాలి. జాలికి లోపలివైపు మనిషెత్తు పచ్చగుడ్డ. గేటు మీద ఇంగ్లీషులో, అరబ్బీలో బోర్డు: ప్రాక్టీసు జరిగేటప్పుడు తల్లిదండ్రులకు ప్రవేశం లేదు. గుడ్డా బోర్డూ రెండూ కెప్టెన్ పెట్టించినవే. కెప్టెన్ అంటే పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పే కోచ్. ఈజిప్టు మనిషి. పిల్లల దగ్గర్నుంచి ముదీర్ దాకా అందరూ అతన్ని కెప్టెన్ అనే పిలుస్తారు.

మొన్న వేసవిలో వరల్డ్ కప్పు అయినప్పట్నుంచీ షార్జాలో తండ్రులందరికీ పూనకం వచ్చింది. అంతకుముందు పిల్లల్ని గేటు దగ్గర దించి చల్లగా పోయేవాళ్ళు కాస్తా గీత పక్కనే నిలబడి అరవడం మొదలుపెట్టారు. ఒకాయన కుడికి తన్నమంటాడు, పక్కాయన ఎడమకి తన్నమంటాడు, కెప్టెన్ విజిల్ నోట్లో పెట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తాడు. తల్లులు ఊరుకున్నారా? నా కొడుక్కి బంతి ఎందుకివ్వరని పక్కింటి పిల్లల్ని నిలదీశారు. పిల్లలు బంతిని చూడడం మానేసి గీత అవతల నాన్న ముఖం చూస్తూ ఆడసాగారు. గోలు పోగొట్టుకున్న పిల్లాడొకడు తండ్రి వైపు చూసి, నిలబడ్డచోటే నిక్కరు తడుపుకున్నాడు. మర్నాడు గుడ్డ వచ్చింది.

గుడ్డ రాగానే చిల్లులూ వచ్చాయి. కారు తాళంతో పొడిచినవి, సిగరెట్టుతో కాల్చినవి, గోళ్ళ కత్తెరతో అందంగా కత్తిరించినవి. ఏ చిల్లు ఎవరిదో నన్నే సాహెబ్‌కి ఎత్తుని బట్టి తెలిసిపోతుంది. ఒకదాని చుట్టూ ఎప్పుడూ కాటుక అంటుకుని ఉంటుంది. కట్టమన్నది కెప్టెన్, చూసీ చూడనట్టు పొమ్మనేది ముదీర్, చించేది తల్లిదండ్రులు, కుట్టేదీ తిట్లు తినేదీ తను. "ఇంకొక్క చిల్లు కనిపించిందంటే నీ బదులు ఇంకో మనిషిని పెట్టమంటాను" అని నిన్ననే కెప్టెన్ వేలు చూపించాడు. చిల్లులు పెట్టినవాడు తనే అయినట్టు!

చిరాకు ఎంత ఉన్నా ఒక్క సంగతి మాత్రం నన్నే సాహెబ్ ఎవరితోనూ అనలేదు. ఈ విషయంలో కెప్టెన్ చెప్పేది నిజమేనని అతని అభిప్రాయం.

రాయచోటిలో అమానుల్లా ఉస్తాద్ దుకాణంలో అతను పనికి కుదిరింది కాజాలు కుట్టడానికి. బొత్తాం దూరే రంధ్రం చుట్టూ దారం అల్లడమే ఆ పని. అందరూ మిషను మీద చొక్కాలు కుడుతుంటే, అతను మూల పీట మీద కూర్చుని చొక్కా తర్వాత చొక్కాకి కాజాలు తీసేవాడు. ఉస్తాద్ వెనక వచ్చి నిలబడ్డాడా, అంతే, సూది గుడ్డని వదిలేసి వేలిలో దిగేది. ఉస్తాద్ టీకి పోయాడా, కాజా ముద్ర గుద్దినట్టు వచ్చేది. మెచ్చుకోవాలని మనం కోరుకునే మనిషి చూస్తుంటే చెయ్యి పని మీద ఉండదు. పిల్లల కాళ్ళయినా అంతే కదా! ఇంత చిన్న సంగతి అంతంత కార్లలో వచ్చేవాళ్ళకి ఎందుకు తలకెక్కదో అతనికి అర్థం కాదు.

ఆ కాజాలే అతన్ని షార్జా తెచ్చాయి. ఇక్కడే రోలా బజారులో ఒక టైలరింగ్ దుకాణంలో, అరబ్బులు తొడుక్కునే పొడుగాటి తెల్ల కందూరాలకి కాజాలు తీశాడు. చేతి కాజా అంటే అరబ్బులు మెచ్చుకునేవాళ్ళు. తర్వాత కాజాలు తీసే మిషను వచ్చింది. గుడ్డ పెట్టి మీట నొక్కితే టకటకమని తనే కుట్టి తనే కోసేస్తుంది. కొన్నాళ్ళు బొత్తాలు కుట్టించుకున్నారు, దానికీ మిషను వచ్చింది. అప్పటికి కళ్ళు కూడా మసకలేశాయి. ఎవరో చెప్పి ఈ గేటు దగ్గర పెట్టించారు. ఫోనులో భార్య షహర్బాను ఇప్పటికీ "ఏం కుడతాండావు?" అని అడుగుతుంది. గుడ్డ కుడుతున్నానని చెబుతాడు. అబద్ధమేమీ కాదు.

ఎండ పక్కకి వాలేసరికి కార్లు రావడం మొదలైంది. పిల్లలు గేట్లోంచి లోపలికి, తల్లిదండ్రులు గేటు బయట. వాళ్ళలో అందరికంటే ముందు వచ్చేది రాజేశ్వర్. ఏదో కంపెనీలో ఇంజనీరు.

"సాహెబ్ గారూ, ఇవాళ మ్యాచ్ ఆడించి టీముకి పిల్లల్ని తీస్తారట కదా. ఒక్క ఐదు నిమిషాలు," అన్నాడు గొంతు తగ్గించి.

"బోర్డు ఉండాది సార్."

"అది మిగతావాళ్ళకి. మనం మనం తెలుగువాళ్ళం."

"తెలుగోళ్ళయితే అమ్మా నాయన్లు కారా సార్? ఎన్నితూర్లు చెప్పల్ల మీకు?"

"లోపల మావాడు ఏం చేస్తున్నాడో తెలియకపోతే నాకు బీపీ పెరిగిపోతుందయ్యా! పోనీ నువ్వే చూసి, మధ్య మధ్యలో వచ్చి చెప్పు."

"నాకు బంతే సరిగ్గా కనపడదు, ఇంక మీవాణ్ణి యాడ చూసేది? పోండి సార్, ఏసీలో కూర్చోండి. మీరు అరవకపోతే ఆ పిల్లోడు బాగానే ఆడతాడు."

రాజేశ్వర్ కారు దగ్గరికి పోయాడు. కారెక్కలేదు, వెనక్కి తిరిగి తిరిగి జాలి వైపు చూస్తున్నాడు. చేతిలో తాళాలు ఆడిస్తున్నాడు. ఆ తాళాలు చూస్తే నన్నే సాహెబ్‌కి ఒళ్ళు మండింది. నడుమెత్తు చిల్లులన్నీ వాటివే.

తెల్ల వ్యాను ఆగింది. అందులోంచి హమద్ దూకి, "సాయిబూ!" అని అరుస్తూ గేట్లోంచి దూసుకుపోయాడు. అరబ్బుల పిల్లాడు. కానీ వాడి నోట తెలుగు వస్తుంది, అదీ కోనసీమ యాసలో. వెనక నీళ్ళ సీసా, తువ్వాలు, చిన్న సంచీ పట్టుకుని అచ్చాయమ్మ దిగింది. రాజోలు దగ్గరి మనిషి. బొద్దుగా, నల్లగా, తలకి గుడ్డ కట్టుకుని, పాదాల దాకా పొడుగు గౌనులో ఉంటుంది. వాడు పుట్టినప్పటి నుంచీ ఎత్తుకుని పెంచిన ఖద్దామా. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళని ఇక్కడ అలాగే అంటారు. బోర్డు తల్లిదండ్రులకే గాని ఖద్దామాలకి కాదు. పిల్లలకి నీళ్ళివ్వాలి, చెమట తుడవాలి, బూట్ల తాళ్ళు కట్టాలి. అందుకని కుళాయి పక్క బెంచీ మీద వాళ్ళు మాత్రం కూర్చోవచ్చు. కన్నవాళ్ళు బయట, పనివాళ్ళు లోపల. బయటివాళ్ళకి ఇంకా మంట అందుకే.

"ఇదే ఆఖరండి బాబాయ్," అంది అచ్చాయమ్మ గేటు దగ్గర ఆగి. "పొద్దున్నే ఫ్లైటు. టిక్కెట్టు చేతిలో పెట్టేశారు."

"పిల్లోనికి చెప్పినావా?"

"మామ, అదే ఆడి అమ్మ, చెప్పొద్దంది. ముందే చెబితే ఏడుత్తాడంట, ఆట పాడైపోద్దంట. రేపు ఆడు స్కూలుకెళ్ళి వచ్చేసరికి నేనుండను. ఇంగ్లీషొచ్చిన మనిషి వత్తాది." కొంగు లేదు గనక తలగుడ్డ చివరతో ముక్కు తుడుచుకుంది. "పోనియ్యండి. ఇయ్యాల మాత్రం కళ్ళారా చూసుకుని పోతాను. ఇంకేం వద్దు నాకు. ఊళ్ళో మా అమ్మాయి చిన్ని కాలేజీకెల్తందంట. నేనొత్తన్నానంటే, ఎన్నాళ్ళుంటావని అడిగింది. సుట్టాన్ని అడిగినట్టు."

నన్నే సాహెబ్‌కి ఏం చెప్పాలో తోచనప్పుడల్లా కోపం వస్తుంది.

"పోయి కూచో పో మ్మే, గేటుకడ్డం నిలబడి కథలు చెప్తాండావు!" అన్నాడు.

ఆట మొదలైంది. గేటు దగ్గర కుర్చీలో కూర్చుని నన్నే సాహెబ్ సగం ఆటని, సగం రాజేశ్వర్ తాళాల్ని కనిపెడుతున్నాడు. బంతి కనిపించకపోయినా హమద్ కనిపిస్తాడు. ఎందుకంటే మిగతా పిల్లలు బంతి వెంట పోతుంటే వాడొక్కడు ఆగి కుళాయి వైపు తిరుగుతాడు. బెంచీ మీద అచ్చాయమ్మ తల ఊపితే మళ్ళీ పరుగెత్తుతాడు. పరుగెత్తేటప్పుడు తూలి పడ్డాడు. పడి, అలాగే కూర్చుని, ఆమె వైపు రెండు చేతులూ చాపాడు. అచ్చాయమ్మ సీసా పట్టుకుని లేవబోయింది.

విజిల్ మోగింది. కెప్టెన్ హమద్ దగ్గర వంగి ఏదో అడిగాడు, వాడు ఏదో చెప్పాడు. కెప్టెన్ నడుం నిటారు చేసి గేటు వైపు తిరిగాడు.

"నన్నే! తాల్!"

ఇంకేం ముంచుకొచ్చిందో రమ్మంటున్నాడు అనుకుంటూ నన్నే సాహెబ్ చెప్పులు ఈడ్చుకుంటూ పోయాడు.

"ఆ చివర కూర్చున్న ఆమెని బయటికి పంపు," అన్నాడు కెప్టెన్, గల్ఫులో అందరికీ పనికొచ్చే వచ్చీరాని హిందీలో.

"ఆమె ఖద్దామా కెప్టెన్. ఖద్దామాలు ఉండొచ్చని మీరే అన్నారు."

"తన్నిన ప్రతిసారీ ఆమె ముఖం చూస్తున్నాడు. ఎందుకు చూస్తున్నావని అడిగితే ఏమన్నాడో తెలుసా? ఆమె చూడకపోతే గోలు లెక్కలోకి రాదట!"

"పనిమనిషి కెప్టెన్. వాళ్ళమ్మ కాదు."

"నాకు తెలుసు, నీకు తెలుసు. వాడికి?" కెప్టెన్ గేటు వైపు చెయ్యి చూపించాడు. "అక్కడ బోర్డు మీద ఏం రాసి ఉంది? యల్లా, పో."

చిక్కంతా కెప్టెన్ చెప్పింది నిజం కావడంలోనే ఉంది. అబద్ధమైతే పోట్లాడొచ్చు. రేపట్నుంచి ఆమె రాదు, ఈ ఒక్క పూట ఉండనివ్వండి అని చెప్పాలని నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే కెప్టెన్ పిల్లాడికి చెబుతాడు. పిల్లాడు ఇక్కడే ఏడుపు లంకించుకుంటాడు. అప్పుడు ఆటా ఉండదు, చూడడానికి ఆమెకి మిగిలేదీ ఉండదు. ఏం పని ఇది అల్లా, గేటు తీసి మూసేవాడి నెత్తిన ఇవన్నీ ఎందుకు పెడతావు?

బెంచీ దగ్గరికి వెళ్ళి, అచ్చాయమ్మ ముఖంలోకి చూడకుండా చెప్పేశాడు. ఆమె మొదట నవ్వింది. తర్వాత లేచి నిలబడింది.

"ఇదేం అన్నేయం అండీ బాబాయ్? తెలీక అడుగుతున్నాను. ఆ ఇంట్లోనేమో నువ్వు అమ్మవి కాదు, పనిదానివి, పిల్లోడు పెద్దోడైపోయాడు, ఇంక పొమ్మన్నారు. ఇక్కడేమో నువ్వు అమ్మవి, బయటికి పొమ్మంటన్నారు. రెండు సోట్లా పోయేది నేనేనా? అమ్మనో కాదో ఏదో ఒకటి తేల్చి చావండి!"

"నన్నేంది అడిగేది? రూలు నేను రాసినానా?"

"తల వంచుకుని కూకుంటాను. ఆడు నా వైపు చూసినప్పుడు కళ్ళు మూసుకుంటాను. సరేనా?"

"కాదు మ్మే. పిలిచి మరీ చెప్పినాడు."

అచ్చాయమ్మ నీళ్ళ సీసా పక్కనున్న ఖద్దామా చేతికిచ్చి, మూత బిగుసుకుపోతుంది, వాడికి రాదు, నువ్వే తిప్పివ్వమని హిందీలో చెప్పింది. గ్రౌండు వైపు చూడకుండా గేటు దాటింది. హమద్ అవతలి గోలు వైపు బంతి వెనక పోయాడు, చూడలేదు.

బయట రాజేశ్వర్ ముందుకొచ్చాడు. "ఖద్దామాల్ని కూడా తోలేస్తున్నారా? ఇక లోపల పిల్లల్ని ఏం చేస్తున్నారో ఆ దేవుడికే తెలియాలి!" అని పక్కవాళ్ళందరికీ వినిపించేలా అన్నాడు. అచ్చాయమ్మ ఎవరివైపూ చూడకుండా, జాలి వెంబడి నడిచి నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళిపోయింది.

నన్నే సాహెబ్ కుర్చీలో కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. కెప్టెన్ మీద కోపం వచ్చింది. పిల్లాడి మీద వచ్చింది, బంతి తన్నేవాడు బంతిని చూడక అటెందుకు చూడాలి? అచ్చాయమ్మ మీద అందరికంటే ఎక్కువ వచ్చింది. ఇంత కన్నవాళ్ళు గుడ్డ చించుకుని చూస్తున్నారే, ఈవిడకి ఒక చిల్లు పెట్టుకోవడం చేతకాదా? చేతకాదు. పోయి ట్యాంకు వెనక కూర్చుంటుంది. పొద్దున్నే విమానం ఎక్కుతుంది. అంతే, ఖలాస్.

గేటుకి గొళ్ళెం పెట్టి, పక్కనున్న బల్ల సొరుగులోంచి కత్తెర తీసి జేబులో వేసుకున్నాడు. లోపలివైపు నుంచే గుడ్డ తడుముకుంటూ ట్యాంకు ఉన్న మూల దాకా నడిచాడు. అక్కడ గుడ్డకి ఒక్క చిల్లు కూడా లేదు. ట్యాంకు అడ్డం గనక కార్లు ఆగవు.

"ఉండావా?" అన్నాడు గుడ్డతో.

"ఉన్నానండి. ఎక్కడికెల్తాను, డ్రైవరు రావాలి కదా," అంది గుడ్డ అవతల నుంచి, ముక్కు దిబ్బడేసిన గొంతుతో.

"కూచున్నావా, నిలబడినావా?"

"కూకున్నాను. ఏంటండీ?"

"నీ కన్ను యాడికి వస్తాదో ఆడ వేలు పెట్టు."

గుడ్డ మీద కింది వైపు చిన్న బుడిపె లేచింది. నన్నే సాహెబ్ మోకాళ్ళ మీద కూర్చుని, ఆ బుడిపె చుట్టూ గోరుతో గీత పెట్టాడు. కత్తెర తెరిచాడు. చెయ్యి ఆగిపోయింది. ఇంతకాలం తన ఒంటి చొక్కాకే పెట్టని కత్తెర. కెప్టెన్ ఇంకొక్క చిల్లు అన్నాడు. ఆ ఒక్కటీ ఇదేనేమో. కానీయ్, అనుకుని కోశాడు.

కత్తెర తీసీ తియ్యకముందే ఆ చీలికలో ఒక కన్ను ప్రత్యక్షమైంది.

"తియ్ మ్మే కన్ను! సూది దిగుతాది!"

"చూడనియ్యండి బాబాయ్!"

"అంచు కుట్టల్ల. కుట్టకపోతే పొద్దుటికి తలకాయ పట్టేంత అవుతాది. అంతా బయటపడుతుంది. ఒక్క నిమిషం ఉండు."

"మా మామ కూడా ఒక్క నిమిషమనే అంటాది. ఓరి ప్రభువా, ఆట అయిపోతందండీ!"

"నువ్వట్ల తొందరపెడితే వేలికి గుచ్చుకుంటాది. సూది అవతలికి తోస్తా, పట్టుకుని మళ్ళీ ఇవతలికి తొయ్యి. అంచు పక్కనే తొయ్యి, దూరం పోనీకు."

జాలి గడిలోంచి ఆమె వేళ్ళు వచ్చి సూదిని అందుకున్నాయి. అతను తోస్తాడు, ఆమె తిరిగి తోస్తుంది, అతను దారాన్ని ముడిలోంచి లాగి అంచు మీద బిగిస్తాడు. మొదటి కుట్లు వంకర పోయాయి. తర్వాత ఇద్దరి చేతులూ కుదిరాయి. కాజా కుట్టి ఎన్నాళ్ళయిందో, అయినా వేళ్ళు దారి అడగలేదు. కళ్ళద్దాలు ఎప్పుడో జారి ఇసుకలో పడ్డాయి, తీసుకోలేదు.

"నన్నే! అక్కడేం చేస్తున్నావ్?" దూరం నుంచి కెప్టెన్ గొంతు.

నన్నే సాహెబ్ "కుడతాండా కెప్టెన్!" అని హిందీ మరిచిపోయి తెలుగులోనే అరిచి, సూది పైకెత్తి చూపించాడు.

"కుట్టు, కుట్టు! ఒక్కటి కూడా వదలకు!"

గుడ్డ అవతల అచ్చాయమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది.

చివరి ముడి వేసి దారం కొరికాడు. "ఇప్పుడు చూడు. నోరు మాత్రం తెరిచినావంటే నా నౌకరీ పోతుంది."

చీలిక నిండా కన్ను వచ్చింది. కాజా మీద గుడ్డ కదలకుండా నన్నే సాహెబ్ రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. ఇసుకలో తడిమి అద్దాలు పెట్టుకుని తనూ అటు చూశాడు. హమద్ బంతి తన్ని కుళాయి వైపు తిరిగాడు. బెంచీ మీద ఆ చోటు ఖాళీ. గేటు వైపు చూశాడు. మళ్ళీ బెంచీ వైపు చూశాడు. బంతి కాళ్ళ పక్కనుంచి పోయింది, పిల్లలు కేకలేశారు.

"నా కోసం వెతుకుతున్నాడు," అంది అచ్చాయమ్మ లోగొంతుతో. "బాబాయ్, నా కోసమే వెతుకుతున్నాడండీ."

"కనపడతాండాది. ఊరుకో."

హమద్ కాసేపు మధ్యలో నిలబడిపోయాడు. బంతి తిరిగి వాడి వైపే వచ్చింది. ఎవరూ తల ఊపలేదు. వాడు దాన్ని తీసుకుని పరుగెత్తాడు, అడ్డం వచ్చినవాణ్ణి తప్పించుకున్నాడు, ఇంకొకడి కాలు తగిలి ముందుకు బోర్లా పడ్డాడు. గుడ్డ అవతల జాలి ఒక్కసారి గలగలమంది. ఆమె రెండు చేతులతో పట్టుకున్నట్టుంది. నన్నే సాహెబ్‌కి భయం వేసింది, ఇప్పుడు అరుస్తుంది, అరిచిందంటే అయిపోయినట్టే. ఆమె అరవలేదు. హమద్ తల ఎత్తాడు. ఏ వైపూ చూడలేదు. మోకాళ్ళు దులుపుకుని, తనంతట తానే లేచి బంతి ఎటు పోయిందో అటు పోయాడు.

ఆ తర్వాత వాడు చాలాసేపు ఆడాడు. గోలు వెయ్యలేదు గానీ, వేసినవాడికి బంతి ఇచ్చింది వాడే. ఆ సంబరంలో కూడా బెంచీ వైపు తిరగలేదు.

"చూడ్డం మానేశాడండి," అంది అచ్చాయమ్మ.

"మంచిదే కదా తల్లీ."

"మంచిదే." కన్ను చీలికలోంచి కదల్లేదు. కాజా కింద అంచు తడిసి, ఆ తడి నన్నే సాహెబ్ వేళ్ళకి తెలిసింది. "మంచిదేనండి. నాకే ఏడుపొత్తంది."

చివరి విజిల్ మోగాక కెప్టెన్ టీముకి తీసిన పిల్లలకి నారింజ రంగు బనీన్లు పంచాడు. హమద్‌కి ఒకటి వచ్చింది. దాన్ని తల మీదనుంచి లాక్కుంటూ గేట్లోంచి బయటికి పరుగెత్తి వచ్చి, వ్యాను పక్కన నిలబడ్డ అచ్చాయమ్మని చూసి ఆగిపోయాడు.

"అచ్చా! నువ్వు సూళ్ళేదు!" అని కాలు నేలకేసి కొట్టాడు.

గేటు పక్కనే ఉన్న నన్నే సాహెబ్ చెవి ఇటు వేశాడు.

"లేదు నాన్నా. సూళ్ళేదు," అంది అచ్చాయమ్మ. "పనుండి బయటికొచ్చేశాను. ఏమైందో నువ్వే చెప్పు. మొత్తం చెప్పు, ఒక్కటీ వదలకుండా."

వాడు సగం తెలుగులో, సగం అరబ్బీలో, చేతులతో, కాళ్ళతో చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె నోరు తెరుచుకుని వింది. "అమ్మో!" అంది. "తర్వాత?" అంది. తడి తువ్వాలుతో వాడి మెడ తుడుస్తూ, "మోకాలు నెప్పెడుతోందా?" అంది.

"పడ్డానని నీకెలా తెల్సు?"

"నిక్కరుకి ఇసుకుంది కదా, పిచ్చి నాన్నా."

వాణ్ణి వ్యానులోకి ఎక్కించి ఆమె వెనక్కి తిరిగింది. నన్నే సాహెబ్ తాళాల గుత్తి వెతుకుతున్నట్టు నటించాడు.

"ఎల్లొత్తాను బాబాయ్. ఆ కళ్ళజోడు బాగు చేయించుకోండి. చూళ్ళేకపోతున్నాను."

"నా కళ్ళజోడు సంగతి నీకెందుకు? పోయిరా తల్లీ. పాపకు చెప్పు, ఉండేదానికే వచ్చినానని."

తలుపు మూసుకుంది. వ్యాను రోలా వైపు మలుపు తిరిగేదాకా లోపల వాడి చేతులు ఊగుతూనే ఉన్నాయి. ఇంకా ఆట చెబుతున్నాడు.

తల్లిదండ్రులంతా వెళ్ళిపోయారు. రాజేశ్వర్ పోతూ పోతూ, కొడుక్కి బనీను రాలేదని, ఇదంతా లోపలికి రానివ్వకపోవడం వల్లేనని కెప్టెన్‌తో పోట్లాడి పోయాడు. పొద్దు గూకి మగ్రిబ్ అజాన్ అయింది. నన్నే సాహెబ్ సూదిలో కొత్త దారం ఎక్కించి గుడ్డ చుట్టూ బయల్దేరాడు. నడుమెత్తున తాళంతో పొడిచిన చిల్లు కుట్టాడు. కాటుక అంటిన చిల్లు కుట్టాడు. సిగరెట్టు చిల్లు కుట్టాడు. గొణుక్కుంటూ, తిట్టుకుంటూ ఒక్కొక్కటే మూసుకుంటూ నీళ్ళ ట్యాంకు మూలకి వచ్చాడు.

మోకాళ్ళ మీద కూర్చుని వేలితో తడిమాడు. మొదటి కుట్లు, ఆమె తోసినవి, వంకరగా ఉన్నాయి. ఉస్తాద్ ఉంటే విప్పి మళ్ళీ కుట్టమనేవాడు. ఆ తర్వాత ఇంకో తిట్టు కూడా తిట్టేవాడు, కాజా తీసినవాడివి బొత్తాం కుట్టవేరా అని. నన్నే సాహెబ్ సూదిని తిరిగి కాలరుకి గుచ్చుకుని, నడుం పట్టుకుని లేచి గేటుకి తాళం వెయ్యడానికి పోయాడు.

వెనకాల పచ్చగుడ్డ మీద, మనిషి నేల మీద కూర్చుంటే కంటికి వచ్చే ఎత్తులో, కింది అంచు ఇంకా తడారని, బొత్తాం లేని ఒక్క కాజా.